ప్రాణాపాయంలో ఉన్నవారికా వడ్డీ కోత?

దీర్ఘకాలిక పొదుపు పథకమైన పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతాలో ఏడాదికి కనీసం 500 రూపాయలు కట్టకపోతే పడే అపరాధ రుసుము 50 రూపాయలు. ఖాతాదారుల్లో ఎక్కువమందికి తెలిసిన జరిమానా ఇదొక్కటే. పదేళ్లపాటు ఖాతా సంగతే మరిచిపోయినవారు సైతం గడువు తీరకముందే వెళ్లి బకాయి 5,000 రూపాయలు, రుసుము కింద 500 రూపాయలు చెల్లిస్తే ఖాతా మళ్లీ నడుస్తుంది. ఆ మధ్యకాలంలో నిల్వకు వడ్డీ ఆగదు. అప్పు తీసుకునే, కొంత సొమ్ము వెనక్కి తీసుకునే వీలు మాత్రం ఉండదు. ఈ నిబంధనతో మాకు పేచీ లేదు. మా అభ్యంతరమల్లా జరిమానా అన్న పేరైనా లేకుండా, అంతకు ఎన్నో రెట్లు నష్టం చేస్తున్న మరో కోత మీదే.

2019 నాటి పథకం ప్రకారం, ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లు దాటితే, గడువుకు ముందే దాన్ని మూసివేసే వీలుంది. ఖాతాదారుకో, జీవిత భాగస్వామికో, తమపై ఆధారపడిన పిల్లలకో, తల్లిదండ్రులకో ప్రాణాంతక వ్యాధి సోకినా, ఉన్నత చదువులకు డబ్బు అవసరమైనా, విదేశాలకు వెళ్లడంతో నివాస హోదా మారినా అందుకు అనుమతిస్తారు. అయితే ఖాతా మొదలైన రోజు నుంచీ వడ్డీ రేటును ఒక శాతం తగ్గించి లెక్క తిరగరాస్తారు. ఒక శాతమే కదా అనుకోవడానికి లేదు. ఏటా ఏప్రిల్ మొదట్లో లక్ష రూపాయల చొప్పున పదేళ్లు కట్టిన వ్యక్తినే తీసుకుందాం. ఇప్పటి 7.1 శాతం లెక్కన అతనికి దాదాపు 14.87 లక్షలు రావాలి. 6.1 శాతానికి దించితే చేతికందేది 14.05 లక్షలే. అంటే, పదేళ్లు ఎగ్గొట్టినవారికి 500 రూపాయలతో పోతుండగా, ఒక్క ఏడాదీ తప్పకుండా కట్టి, ఇంట్లో క్యాన్సర్ చికిత్స కోసం ఖాతా మూసుకున్నవారు 81 వేల రూపాయలకు పైగా వదులుకోవాలి.

దీర్ఘకాలిక పొదుపు మధ్యలో చెదిరిపోకూడదన్నది ఇలాంటి కోతలకు సాధారణంగా చెప్పే సమర్థన. చికిత్స చేస్తున్న వైద్యుల నివేదికలు జతచేస్తే తప్ప మూసివేత దరఖాస్తు ముందుకు కదలనప్పుడు, ఆ వాదన రోగి విషయంలో నిలవదు. జబ్బు ఎవరూ కోరి తెచ్చుకునేది కాదు.

కోత పడని దారులున్నాయని కౌంటరు దగ్గర చెప్పేవారు లేకపోవడం మరో లోపం. అదే ఐదేళ్ల గడువు దాటాక, ఏ కారణమూ చూపకుండానే, నిర్దేశిత లెక్క ప్రకారం నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. దానికి వడ్డీ కోత లేదు. అమెరికాకో, ఆస్ట్రేలియాకో వెళ్లి స్థిరపడుతున్న మన పిల్లలు కంగారుపడి ఖాతా మూసేయనక్కర్లేదు, గడువు తీరేదాకా కొనసాగించుకోవచ్చు.

నామినీ పేరు మార్పుకు తీసుకునే 50 రూపాయల రుసుమును కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఏప్రిల్‌లో రద్దు చేసింది. ప్రాణాంతక వ్యాధి కారణంగా మూసే ఖాతాలకు ఈ ఒక శాతం కోతను కూడా అలాగే ఎత్తివేయాలని మేము కోరుతున్నాం. అంతవరకు, మూసివేత పత్రంపై సంతకం తీసుకునే ముందే, ఎంత సొమ్ము తగ్గుతుందో రూపాయల్లో రాసి ఖాతాదారు చేతికివ్వడాన్ని ప్రతి పోస్టాఫీసుకూ, బ్యాంకుకూ తప్పనిసరి చేయాలి.