చప్పట్లు ముందే కొట్టించుకుంటే

నిరుడు జనవరి 1న ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చేశాను. ఏడాదంతా రోజుకొక చెన్నై బొమ్మ గీస్తాను, 365 రోజులు, 365 బొమ్మలు అని. గంట తిరక్కుండానే శుభాకాంక్షలు కురిశాయి. నెల్లూరు నుంచి మేనమామ ఫోన్ చేసి "పుస్తకం వేద్దాంరా" అన్నారు. అప్పటికి నేను గీసింది సున్నా.

పద్దెనిమిదో రోజు షోలింగనల్లూరులో ఆఫీసు ముగించుకుని నంగనల్లూరు చేరేసరికి రాత్రి పదకొండున్నర. లెక్క తప్పకూడదని వంటింట్లో కనపడిన కాఫీ టంబ్లర్‌ను నాలుగు నిమిషాల్లో గీకి పెట్టేశాను. మర్నాడు అదీ లేదు. ఆ మర్నాడు రెండు గీసేద్దాంలే అనుకున్నాను. ఇరవై ఐదో రోజుకి బాకీ ఏడు బొమ్మలు. ఆ తర్వాత ఫోన్ తెరవాలంటేనే టెన్షన్. విచిత్రం ఏమిటంటే, ఎందుకు ఆపేశావని అడిగినవాళ్లు ఇద్దరే.

నలుగురిలో చెప్తే సిగ్గుకైనా చేస్తాం అనేది లోకం నమ్మకం. బరువు తగ్గడం లాంటి వాటికి అది పనిచేస్తుందేమో. 'నేను చిత్రకారుణ్ని', 'నేను రచయితని' అనిపించుకోవాలన్న కోరిక దగ్గర మాత్రం తిరగబడుతుందని నా అనుమానం. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతే తేల్చాయి. లా చదివే విద్యార్థుల్లో, తమ సంకల్పాన్ని మరొకరు గుర్తించారని తెలిసినవాళ్లు, ఆ తర్వాత ఇచ్చిన పనిలో తక్కువ శ్రమపడ్డారు. గుర్తింపు దొరకగానే సగం లాయరు అయిపోయినట్టే అనిపిస్తుంది కదా. మేనమామ ఫోన్ పెట్టేసరికి నాకూ పుస్తకం అచ్చయిపోయింది.

మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో గూడూరు నుంచి వచ్చి స్థిరపడిన పిన్నిగారు ఒకరున్నారు. నెల పట్టిన రోజు నుంచి ఆమె వాకిట్లో రోజుకొక ముగ్గు. తెల్లవారుజామున అయిదింటికల్లా నీళ్లు చల్లి, చుక్కల నోటు పుస్తకం అరుగు మీద తెరిచి పెట్టుకుని మొదలుపెడతారు. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క. ఏ రోజైనా నడుం నొప్పి అయితే రెండు జంట గీతలు, మధ్యలో ఒక పద్మం, అంతే. అదీ ముగ్గే. ఒంట్లో బాగాలేకపోతే కోడలు వేస్తుంది. ఇదీ నలుగురి ఎదుట చేసే పనే, వీధికి ఎదురుగా ఉంటుంది. పాలవాడు చూస్తాడు, ఎదురింటి తమిళ మామి ఆగి మరీ చూస్తారు. కానీ 'ఈ నెలంతా వేస్తాను' అని ఆమె ఎవరికీ చెప్పలేదు. చూసేవాళ్లకు కనపడేది వేసిన ముగ్గే. తొమ్మిదింటికల్లా స్కూటర్లు దాన్ని చెరిపేస్తాయి, దాచుకోవడానికీ బాకీ పడడానికీ ఏమీ మిగలదు. పైగా దీనికి గడువుంది. కనుమ నాడు రథం ముగ్గు వేసి సాగనంపేస్తారు.

జనవరిలో మైలాపూర్ మాడ వీధిలో జరిగే ముగ్గుల పోటీకి వెళ్లొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "టైం పెట్టి వేయమంటే చెయ్యి వణుకుద్దయ్యా" అన్నారు.

నా వాదనకు అడ్డొచ్చే మనిషి ఒకడున్నాడు. బీపుల్ పేరుతో పేరుపడ్డ అమెరికా డిజిటల్ చిత్రకారుడు మైక్ వింకెల్మన్. 2007 మే 1న రోజుకొక బొమ్మ మొదలుపెట్టి అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెడుతూ పోయాడు. మొదటి 5,000 బొమ్మలను ఒకే చిత్రంగా పేరిస్తే 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లు పలికింది. చూశారా, అందరి ముందూ చేస్తే ఎంత లాభమో అంటారు. కానీ అతను జనం ముందు పెట్టింది ఏ రోజు బొమ్మ ఆ రోజే. దాదాపు పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన ధర చూసి మొదటి రోజు మాటను మెచ్చుకోవడం, పండిన చేను చూసి విత్తనాల సంచిని పొగడడం లాంటిది.

ఒక్క రోజు తప్పితే అంతా పోయినట్టేనన్న భయం కూడా ఈ లెక్కల నుంచే పుడుతుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా మారడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. మధ్యలో ఒకసారి తప్పినా అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు. నన్ను ముంచింది పందొమ్మిదో రోజు కాదు, 365 అన్న అంకె.

ఈసారి నెల పట్టిన రోజున చేతిలో ఇమిడే పుస్తకం ఒకటి కొన్నాను. కనుమతో ఆపేయాలని మొదటి పేజీలోనే రాసుకున్నాను. మూడు పేజీలు ఖాళీగా పోయాయి, వాటిని నింపలేదు. చివరి పేజీలో పిన్నిగారి రథం ముగ్గు ఉంది, తాడు కాస్త వంకరగా. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అయిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను.