గురకను ఊపిరిగా లెక్కించవద్దు

‘స్పృహ లేని మనిషి గురక పెడుతుంటే శ్వాస బాగానే ఉన్నట్టు’ అని ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. స్పృహ తప్పినప్పుడు కండరాల పట్టు సడలి నాలుక గొంతులోకి జారుతుంది. సగం మూసుకున్న ఆ దారిలోంచి గాలి వెళ్లేటప్పుడు పుట్టే చప్పుడే ఆ గురక. నుదుటిపై ఒక చేయి ఉంచి తలను వెనక్కి వంచి, రెండో చేతి వేళ్లతో గడ్డం ఎముకను పైకెత్తితే చాలాసార్లు అది తగ్గుతుంది. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, శిక్షణ పొందినవారు తల వంచకుండా కింది దవడను మాత్రమే ముందుకు నెడతారు.

ఇంతకన్నా ప్రమాదకరమైన భ్రమ మరొకటి ఉంది. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి, ఉండి ఉండి ఒకసారి ఎగపీలుస్తారు. ‘ఇంకా ఊపిరి ఉంది’ అని చుట్టూ ఉన్నవారు నోట్లో నీళ్లు పోసేది సరిగ్గా అప్పుడే. అది శ్వాస కాదు. 10 సెకన్లకు మించకుండా పరిశీలించి, 108కి ఫోన్ చేయించి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూసే పల్స్ ఆక్సీమీటరు గురించి కూడా ఒక మాట. కట్లపాము కాటుతో శ్వాస కండరాలు చచ్చుబడుతున్న రోగికి ఆక్సిజన్ పెడితే తెరపై 98 శాతం కనిపించవచ్చు, కానీ లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉండవచ్చు. రెప్పలు వాలిపోతున్నాయా, దిండు మీది నుంచి తల ఎత్తగలుగుతున్నారా, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కించగలుగుతున్నారు అన్నవి ఆ యంత్రం కన్నా ముందే సంగతి చెబుతాయి.