పదిహేను రోజుల జీతంతో కొత్త పని వస్తుందా?

యంత్రాల వల్ల ఉద్యోగం పోయినా రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికని పెట్టిన నిధి) ఉంది కదా అని ఒక వ్యాసంలో ధీమాగా రాశారు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కార్మిక చట్టంలో ఉన్న ఆ ఫండ్ కింద వచ్చేది చివరి జీతం లెక్కన 15 రోజుల డబ్బు, తీసేసిన 45 రోజుల్లోపు ఖాతాలో వేయాలి. సర్వీసును బట్టి ఇచ్చే పరిహారం వేరు, సరే. కానీ ఇరవై ఏళ్లు ప్యాకింగ్ లైన్లో అట్టపెట్టెలకు లేబుళ్లు అంటించిన మనిషి ఆ 15 రోజుల డబ్బుతో ఇంటి అద్దె కట్టుకుంటాడా, కొత్త మెషిన్ నడపడం నేర్చుకుంటాడా? కాంట్రాక్టు గడువు అయిపోయిందని ఇంటికి పంపిస్తే అదీ రాదు, చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్ (యజమాని ఉద్యోగం తీసేయడం) అనదు, మన ఫ్యాక్టరీల్లో అలాంటివాళ్లు బోలెడుమంది. శిక్షణ నడిచినన్నాళ్లూ నెలనెలా భత్యం ఇవ్వాలి, మెషిన్ తెచ్చిన యజమాని ముందు పాతవాళ్లకే దాని మీద పని నేర్పాలని రూలు పెట్టాలి.