ఇంటికి పంపేశాక ఏమైందో కూడా రాసుకోండి

లివర్ మార్పిడి సక్సెస్ అయిందని ఆసుపత్రులు పెట్టే ఫ్లెక్సీల్లో, వీడియోల్లో ఎప్పుడూ లివర్ పుచ్చుకున్న మనిషే నవ్వుతూ కనిపిస్తాడు. మరి ఇచ్చిన మనిషి? ఆర్నెల్లకి ఎలా ఉన్నారు, అయిదేళ్ళకి ఎలా ఉన్నారు, బిందె ఎత్తగలుగుతున్నారా, పొలం వెళ్తున్నారా? మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. భార్య, తల్లి, అక్క. వాళ్ళ సంగతి ఎవరు రాస్తున్నారు?

మా పిన్ని బాబాయికి లివర్ ఇచ్చింది. బాబాయి ఇవాళ నిక్షేపంగా ఉన్నాడు, ఆ డాక్టర్లకి మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి దణ్ణం పెడతాం. కానీ బాబాయికి టెస్టులు, మందులు, ఫోన్లు ఠంచనుగా నడుస్తుంటే, మొదటి చెకప్పులయ్యాక పిన్నిని అడిగిన నాథుడు లేడు. కోత దగ్గర ఉబ్బు వచ్చింది. ఆపరేషన్ అయిన చోట అంతేలే అని కొబ్బరికాయల బస్తాలు సర్దుతూనే ఉంది. చివరికి బలవంతాన తీసుకెళ్ళి చూపిస్తే హెర్నియా, అంటే కోత పడిన చోట కండ బలహీనపడి లోపలిది బయటికి ఉబకడం.

ఇది అనుకోకుండా వచ్చిపడిన వింత కాదండీ. పెద్దవాళ్ళకి ఇచ్చేటప్పుడు సాధారణంగా కుడి భాగం తీస్తారు, అంటే దాత లివర్‌లో సగానికి పైనే. మిగిలింది కొన్ని నెలల్లో పెరిగి దాదాపు పాత సైజుకి వస్తుంది, దాతల్లో చాలామంది మామూలు జీవితానికి వచ్చేస్తారు, ఇదంతా నిజమే. పైత్యరసం కారడం, ఇన్ఫెక్షన్, హెర్నియా కూడా అంతే నిజం. అమెరికాలో 9 ఆసుపత్రులు కలిసి 393 మంది దాతల సంగతి రాసుకుంటే 38 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చినట్టు తేలింది, 2008లో అచ్చయింది. చాలావరకు చిన్నవే, తగ్గిపోయేవే. అయినా ఆ లెక్క ఎలా బయటికొచ్చింది? దాతని కూడా పేషెంటుగా చూసి, అడిగి, రాసుకున్నారు కాబట్టి. ఆ 38 అక్కడి మనుషుల లెక్క. కోత మానీ మానకముందే వంగి వరినాట్లు వేసే మనిషికి, రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తా మోసే మనిషికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? మన లెక్క మనకి కావాలి.

పక్షవాతం దగ్గరా ఇదే గోడు. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోతే ఇప్పుడు జనానికి తెలుస్తోంది, 108కి ఫోన్ చేస్తున్నారు (పావురం రక్తం రాయించేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి మానెయ్యండి). రక్తం గడ్డ కట్టి వచ్చిన స్ట్రోక్ అయితే లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాలి. మన లంక ఊళ్ళలో వరదల టైములో పడవ దొరికి ఒడ్డుకి చేరేసరికే అందులో ఎంత పోతుందో లెక్కేసుకోండి. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది టైముకి ఆసుపత్రికి చేరినా దొరక్కుండా పోయే స్ట్రోక్. మెదడు వెనక భాగంలో వస్తే చెయ్యీ కాలూ బాగానే ఉండొచ్చు. కళ్ళు తిరుగుతాయి, వాంతులు, నడిస్తే తూలిపోతారు. ఆర్ఎంపీ గ్యాస్ అని సూది వేస్తాడు. టౌనుకి వెళ్తే సీటీ తీస్తారు, నార్మల్ అంటారు, వెర్టిగో బిళ్ళలిచ్చి పంపేస్తారు. సీటీ రక్తస్రావాన్ని బాగా పట్టిస్తుంది గానీ గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్‌ని మొదటి గంటల్లో, ముఖ్యంగా మెదడు వెనక వైపు, చూపించకపోవచ్చు. అసలు తొలి రెండు రోజుల్లో ఎమ్మారై కూడా కొన్నిసార్లు తప్పుతుంది. ఆగకుండా కళ్ళు తిరుగుతున్న మనిషి కంటి కదలికల్ని శిక్షణ ఉన్న డాక్టరు మంచం పక్కనే పరీక్షిస్తే ఆ తొలి ఎమ్మారై కన్నా బాగా పట్టుకోవచ్చని 2009లోనే ఒక అధ్యయనం చూపించింది. దానికి మిషను అక్కర్లేదు, నేర్చుకున్న డాక్టరు కావాలి.

అలా పంపేసిన మనిషి రెండోరోజు ఇంకో ఆసుపత్రిలో చేరితే మొదటి ఆసుపత్రికి తెలిసే దారేది? వాళ్ళ రిజిస్టర్లో అది 'కళ్ళు తిరగడం, తగ్గింది' అనే ఉండిపోతుంది. తప్పు జరిగిందని తెలియని డాక్టరు దాన్ని దిద్దుకునేదెలా? నేను డాక్టర్లని తిట్టట్లేదు. రాత్రి డ్యూటీలో ఒక్కడే అంతమందిని చూస్తున్న కుర్ర డాక్టరు మీద పడి ఏం లాభం? కబురు వెనక్కి చేరే ఏర్పాటు లేదని నా బాధ.

పీజీ చేసే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాలి కదా. కాకినాడ రంగరాయలో ఉన్నారు, మిగతా మెడికల్ కాలేజీల్లో ఉన్నారు. రెండు గోదావరి జిల్లాల్లో లివర్ ఇచ్చినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో ఒకరు, కళ్ళు తిరుగుతున్నాయని వచ్చి ఇంటికెళ్ళినవాళ్ళు నెలకి ఎలా ఉన్నారో ఇంకొకరు ఎందుకు తీసుకోకూడదు? రీసెర్చ్ అనగానే మా ఊళ్ళో 'మన మీద ప్రయోగాలు చేస్తారట' అని టెన్షన్ పడతారు. ఇందులో కొత్త మందు లేదు, కొత్త కోత లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, మన సంతకం తీసుకుని, ఎలా ఉన్నారమ్మా అని అడిగి రాసుకోవడమే. మా పిన్నిని అడిగితే గంటసేపు చెబుతుంది. మార్పిడి చేసే ఆసుపత్రులు ఆపరేషన్ ప్యాకేజీలోనే దాతకి కనీసం అయిదేళ్ళ చెకప్పులు కలపాలి, ఫైలు మీద దాత పేరుతో వేరే తేదీలు రాసివ్వాలి. సంతకం పెట్టే ముందు మీరూ అది అడగండి, బాబాయి తరఫున కాదు, పిన్ని తరఫున.