థాయ్ భోజనానికి అంత ధరా అని అడిగేవారికి

నలుగురం కలిసి మంచి రెస్టారెంట్‌కి వెళ్దామనుకున్నప్పుడు ఫ్రెంచ్ అన్నా, జపనీస్ అన్నా బిల్లు గురించి ఎవరూ మాట్లాడరు. అదే ఖరీదైన థాయ్ రెస్టారెంట్ పేరు ఎత్తితే చాలు, "థాయ్‌కి అంత పెట్టాలా? టేకవుట్‌లో సగం ధరకే వస్తుంది కదా" అనే మాట వచ్చేస్తుంది. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఒక దేశపు వంట ఖరీదుగా ఉండొచ్చు, ఇంకో దేశపు వంట మాత్రం చవగ్గానే దొరకాలని మనకి ఎవరు చెప్పారు? వలస వచ్చి బతుకుతున్న మనమే ఇలా అంటే, మన పనికి తగిన విలువ కట్టమని ఇంకొకరిని ఏ నోటితో అడుగుతాం?

టేకవుట్ డబ్బాలో వచ్చే కూర చెడ్డదని నేను అనడం లేదు. దాని వెనకున్న పని వేరు, దీని వెనకున్న పని వేరు.

గ్రీన్ కర్రీనే తీసుకోండి. దాని ప్రాణమంతా నూరిన ముద్దలోనే ఉంది. రాతి రోట్లో ముందుగా గట్టివి, పీచు ఉన్నవి పడతాయి: ఉప్పుతో కలిపి మిరపకాయలు, గలంగల్ అనే అల్లంజాతి దుంప, నిమ్మగడ్డి, మక్రూట్ నిమ్మ తొక్క, కొత్తిమీర వేళ్ళు. అవి నలిగాక వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు. రొయ్యలకి ఉప్పు పట్టించి పులియబెట్టిన 'కపి' చివర్లో. అన్నీ ఒకేసారి మిక్సీలో వేస్తే పీచు తెగుతుంది కానీ నలగదు, పైగా బ్లేడు తిరగడానికి నీళ్ళు పొయ్యాల్సి వస్తుంది. ముద్ద అయ్యాక, తాజాగా పిండిన చిక్కటి కొబ్బరిపాలని నూనె తేలేదాకా కాచి, ఆ నూనెలోనే దాన్ని వేయిస్తారు. చాలా బ్రాండ్ల డబ్బా కొబ్బరిపాలలో విడిపోకుండా ఏదో ఒకటి కలుపుతారు కాబట్టి అవి అంత సులువుగా నూనె వదలవు. శ్రద్ధగా వండిన కూర మీద సన్నగా నూనె చుక్కలు తేలేది ఇందువల్లే. వాటిని చూసి "ఆయిలీగా ఉంది" అని గిన్నె వెనక్కి పంపినవాళ్ళని నేను చూశాను. వంటవాళ్ళు ఎక్కువ కష్టపడ్డదే అక్కడ!

ఈ కష్టానికి బయట గుర్తింపు వచ్చిన తీరు కూడా విచిత్రమే. మంచి రెస్టారెంట్లకి స్టార్లు ఇచ్చే ఫ్రెంచ్ గైడ్ మిషెలిన్ నుంచి థాయ్ రెస్టారెంట్‌కి తొలి స్టార్ దక్కింది బ్యాంకాక్‌లో కాదు, లండన్‌లో. ఆస్ట్రేలియాకి చెందిన డేవిడ్ థాంప్సన్ 2001లో అక్కడ తెరిచిన 'నామ్'కి వచ్చింది. బ్యాంకాక్‌కి మిషెలిన్ గైడ్ వచ్చేసరికి 2017 డిసెంబరు అయింది. కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని బొగ్గుల పొయ్యి మీద పీత ఆమ్లెట్ వేసే జే ఫై గారికి ఆ మొదటి జాబితాలోనే స్టార్ ఇచ్చారు. ఆవిడ ధరల మీద కూడా "రోడ్డు పక్క ఆమ్లెట్‌కి ఇంతా?" అన్న విమర్శే. లోపల కూరిన పీత మాంసం ఎంతో, ఒక్కో ఆమ్లెట్ తన చేత్తోనే వేస్తారని ఎంతమంది ఆలోచించారు? చివరికి 2024 నవంబరులో, దక్షిణ థాయ్‌లాండ్ వంటలు వడ్డించే బ్యాంకాక్ రెస్టారెంట్ 'సోర్న్'కి మిషెలిన్ ఇచ్చే అత్యున్నత స్థాయి అయిన మూడు స్టార్లు వచ్చాయి. ఆ వంటకి అంతటి గౌరవం దక్కడం అదే మొదటిసారి.

సరే, ధర సంగతి ఒప్పుకున్నారనుకుందాం. అక్కడ కూర్చున్నాక మనం ఆర్డర్ చేసే పద్ధతి కూడా మారాలి. ఒకరు పాడ్ థాయ్ నూడుల్స్, ఒకరు రెడ్ కర్రీ అంటూ ఎవరి ప్లేటు వాళ్ళు తెప్పించుకుంటే ఆ భోజనంలో సగం పోయినట్టే. థాయ్ ఇళ్ళల్లో అన్నం ఎవరికి వారికి, మిగతావన్నీ మధ్యలో. ఒక పులుపు సూప్, ఒక 'యామ్' సలాడ్, ఒక కొబ్బరిపాల కూర, ఒక వేపుడు, కూరగాయ ముక్కలతో 'నామ్ ప్రిక్' అనే మిరపకాయ పచ్చడి. అన్నీ ఒకేసారి వస్తాయి. సూప్ ముందు తెమ్మని తొందరపెట్టనక్కర్లేదు. స్పూన్ కుడిచేతిలో, ఫోర్క్ ఎడమచేతిలో ఉంటాయి. ఫోర్క్‌తో స్పూన్‌లోకి నెట్టుకుని తింటారు. చాప్‌స్టిక్స్ ముఖ్యంగా నూడుల్స్‌కే.

కారం దగ్గర మనవాళ్ళకి పంతం ఎక్కువ. "అన్నీ థాయ్ హాట్‌గా చెయ్యండి" అంటారు. మసమన్ కూరలో దాల్చినచెక్క, యాలకుల వాసన మెత్తగా తెలియాలి, దాన్ని మండించేస్తే ఏం మిగులుతుంది? పక్కనున్న పచ్చి బొప్పాయి సలాడ్ మండుతుంది కాబట్టే మసమన్ కారం తక్కువగా ఉంటుంది. ఏది ఎంత ఘాటుగా ఉండాలో వంటవాళ్ళకే వదిలేయండి.

శాకాహారులకి మాత్రం నిజం చెప్పాలి. "నో మీట్, నో ఫిష్" అంటే సరిపోదు. ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్, ఎండు రొయ్యలు, కపి ఎక్కడైనా ఉండొచ్చు. పొద్దున నూరిన ముద్దలోంచి రాత్రి ఎనిమిదింటికి కపిని ఎవరూ తీసెయ్యలేరు. అందుకే టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో చెప్పాలి. ఏటా తొమ్మిది రోజుల శాకాహార పండుగ జరుపుకునే దేశం అది. అక్కడి 'జే' భోజనంలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. 'జే' అంటే వాళ్ళకి అర్థమవుతుంది. ముందే తెలిస్తే విడిగా ముద్ద నూరి పెట్టుకోగలరు.

ఇక ఖరీదైన రెస్టారెంట్ల మీద నాకున్న ఒక్క ఫిర్యాదు. కొన్నిచోట్ల పెద్ద ప్లేటు మధ్యలో చెంచాడు కూర పెట్టి, దాని మీద ఒక ఆకు నిలబెట్టి, ఒక్కొక్కటిగా తెస్తున్నారు. పక్కన అన్నం ఉండదు. ఆ కూరలో ఉప్పు, పులుపు, ఘాటు వేసిందే అన్నంతో కలుస్తుందని. ఉత్తగా తింటే మూడో ముద్దకే నోరు అలసిపోతుంది. అలాంటి చోటుకి వెళ్తే మొహమాటపడకండి, మొదటి కూర రాకముందే అన్నం అడిగి తెప్పించుకోండి.