ఆపరేషన్ తేదీకి మన టికెట్‌తో పనేంటి?

డిసెంబర్ సెలవులకు అమెరికా నుంచి ఊరికి పోయే మనవాళ్లలో చాలామంది ఏదో ఒక వైద్యం పని పెట్టుకునే పోతారు. అమ్మకు మోకాళ్లు, నాన్నకు కన్ను, తమ్ముడికో చెల్లెలికో బరువు తగ్గే సర్జరీ. ఉండేది మూడు వారాలు. మొదటి వారం పరీక్షలు, రెండో వారం ఆపరేషన్, మూడో వారం ఇంట్లో దగ్గరుండి చూసుకుని విమానం ఎక్కడం. నేనూ అట్లాగే లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడికి 42 ఏళ్లు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజసామాన్ల అంగడి. మనిషి 138 కిలోలు. ఇరవై ఏళ్లప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, దర్శనం చేసుకుని, మళ్లీ నడిచే దిగి సాయంత్రానికి అంగడిలో కూర్చున్నవాడు. పోయిన ఏడు గాలిగోపురం దాకా కూడా పోలేక దారిలోనే కూలబడ్డాడు. షుగరూ బీపీ రెండూ వచ్చాయి. మధ్యాహ్నం గల్లాపెట్టె ముందు కూర్చునే నిద్రపోయేవాడు. ఒకసారి లీలామహల్ సర్కిల్ దగ్గర స్కూటర్ మీద కునికి పక్కకు ఒరిగితే వెనకున్న ఆటో అతను దిగి పట్టుకున్నాడట. మా మరదలు ఆ మాట ఫోన్లో చెప్పిన రోజే నేను సర్జరీ అన్నాను. చెన్నైలో ఒక ఆసుపత్రి చూశాను, సర్జన్‌తో వీడియోలో మాట్లాడాను, నా టికెట్ తేదీలు చెప్పి వాటి మధ్యలో ఆపరేషన్ పెట్టించాను, అడ్వాన్స్ కూడా కట్టేశాను.

ఆపరేషన్ ఇంక ఐదు రోజులుందనగా మత్తు డాక్టరమ్మ ఫైలు చూశారు. నిద్ర పరీక్ష రిపోర్టు అందులోనే ఉంది, చేయించి నెల దాటింది. గంటకు 52 సార్లు ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని రాసి ఉంది. స్లీప్ ఆప్నియా అంటారు ఈ జబ్బును. ఐదు లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. రక్తంలో ఆక్సిజన్ ఆ రాత్రి ఒక దశలో 71 శాతానికి పడింది. “మెషీన్ వాడుతున్నారా?” అని అడిగారు. నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి ఊదే సీపాప్ మెషీన్ గురించి. వాడటం లేదన్నాడు. “ఆరు వారాలు వాడి, రండి” అని ఫైలు మూసి చేతికిచ్చారు.

నాకు చాలా కోపం వచ్చింది. “ఆపరేషన్ అయితే బరువు తగ్గుతాడు, బరువు తగ్గితే ఈ జబ్బూ తగ్గుతుంది, మధ్యలో మెషీన్ ఎందుకు?” అని వాదించాను. ఆవిడ నెమ్మదిగానే చెప్పారు. “మీరు చెప్పే బరువు తగ్గడానికి ఏడాది పడుతుందమ్మా. నేను మత్తు ఇవ్వాల్సింది ఈ సోమవారం.”

ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నిద్రలో ఒళ్లంతా సడలినట్టే గొంతు కండరాలూ సడలుతాయి. మెడలో కొవ్వు పేరుకున్నవాళ్లకు ఆ దారి అసలే ఇరుకు, సడలగానే మూసుకుపోతుంది. రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ఆక్సిజన్ పడిపోతే మెదడు ఉలిక్కిపడి మనిషిని కాస్త లేపుతుంది, ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకుని మళ్లీ నిద్రలోకి జారతాడు. తెల్లారితే ఏదీ గుర్తుండదు. ఇప్పుడు అలాంటి గొంతు ఉన్న మనిషికే మత్తు ఇస్తారు. తర్వాత నొప్పికి ఇచ్చే మందుల్లో కొన్ని ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. రోజూ లేపే మెదడు ఆ రాత్రి సమయానికి లేపకపోవచ్చు. థియేటర్లో పక్కనే డాక్టరు ఉంటారు. భయమంతా ఆ తర్వాతి రాత్రిదే. ఆ రాత్రికి మెషీన్ కావాలి. ముందు అలవాటు లేకుండా, పొట్ట మీద కోతలతో, మగతలో ఉన్నప్పుడు కొత్తగా ముఖానికి మాస్కు కడితే ఎవరు ఉంచుకుంటారు? పీకి పారేస్తారు. ఆ ఆరు వారాలు అందుకూ కావాలి, అప్పటిదాకా రాత్రుళ్లు నలిగిపోయిన గుండెకు, బీపీకి కాస్త తెరిపి ఇవ్వడానికీ కావాలి.

మరి చేయించిన పరీక్ష నెల రోజులు ఫైల్లో ఎందుకు పడి ఉంది? మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు బరువు తగ్గే సర్జరీకి డబ్బు ఇవ్వాలంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బో, అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి. దాంతో చాలా ఇళ్లలో నిద్ర పరీక్ష బీమా కాగితం అయిపోతోంది. “సివియర్” అని రాగానే హమ్మయ్య అనుకుని ఫైల్లో పెట్టేస్తారు. మా ఇంట్లో జరిగింది అదే. అంకె చూసి సంతోషపడినవాళ్లలో నేనూ ఉన్నాను. తమ్ముడి ఊపిరి గంటకు 52 సార్లు ఆగుతోందన్న వార్తకు అక్క సంతోషపడటమేమిటని ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

చెన్నై నుంచి తిరిగొచ్చిన రాత్రి వాడి గది బయట హాల్లో పడుకున్నాను. తలుపు తీసే ఉంది. మనం గురకను మంచి నిద్ర కింద లెక్కేస్తాం, “గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, లేపొద్దు” అంటాం. ఆ రాత్రి నేను విన్నది అది కాదు. గురక పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. లెక్కపెట్టాను. ఇరవై మూడు దాకా వచ్చాక, నీళ్లలో మునిగి తేలిన మనిషిలా గొంతు పగిలేటట్టు ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ గురక. మళ్లీ ఆగింది. మరదలు చీకట్లోనే చెయ్యి చాచి వాడి భుజం తట్టింది. పొద్దున అడిగితే, “ఆరేళ్లుగా ఇంతే వదినా, ఆగినప్పుడల్లా తడతా ఉంటాను” అంది. ఆరేళ్లుగా ఆ పిల్లకు నిద్ర లేదు. మేమెవరమూ అడగలేదు.

మెషీన్ ఒక నెలకు అద్దెకు తెచ్చాము. చిన్న పెట్టె, దానికో గొట్టం, చివర మాస్కు. అమ్మ దాన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. 2021లో ఆక్సిజన్ కోసం మన ఊళ్లు పడిన అవస్థ చూసిన మనిషి. ముఖం మీద మాస్కు, పక్కన గొట్టం కనబడితే ఆవిడకు ఒకటే అర్థం. ఇది ఆక్సిజన్ కాదమ్మా, గదిలో ఉన్న గాలే అని చెప్పాను. గాలి తీసిన సైకిల్ ట్యూబు అతుక్కుపోతుంది, కాస్త గాలి కొడితే నిలబడుతుంది, గొంతుకు ఈ పెట్టె చేసేది అంతే అన్నాను. 1981లో సిడ్నీ డాక్టరు కాలిన్ సలివన్, ఆయన తోటివాళ్లు ఈ వైద్యాన్ని లోకానికి చూపించారు. అంతకుముందు జబ్బు ముదిరినవాళ్లకు గొంతుకు రంధ్రం పెట్టడమే దారి. అది చెబితే అమ్మ ఏడుపు ఆపింది.

వాడికి పెట్టిన ప్రెషర్ 12. ఎంత బలమో మీకూ తెలియాలంటే ఒక పొడుగాటి గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రాను 12 సెంటీమీటర్లు ముంచి, అడుగు నుంచి బుడగలు వచ్చేలా ఊదండి. అంత ఒత్తిడిని రాత్రంతా ముక్కులో భరించాలి. మొదటి రాత్రి నలభై నిమిషాలకు తీసేశాడు. రెండో రాత్రి మీసం దగ్గర సందుండి గాలి ఈల వేసినట్టు కారింది, కళ్లు ఎర్రబడ్డాయి. మూడో రోజు పొద్దున అద్దం ముందు నిలబడి మీసం తీసెయ్యబోతే అమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. “నేను బతికుండంగా మీసం తీస్తావా నాయనా?” అంది. మన పక్క మీసం ఎప్పుడు తీస్తారో మీకు చెప్పక్కర్లేదు. వాడు రేజరు పక్కన పెట్టేశాడు. మెషీన్ తెచ్చిచ్చిన కుర్రాడికి ఫోన్ చేస్తే, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుకునే చిన్న మాస్కు తెచ్చాడు. మీసం మీసంగానే ఉంది, గాలి కారడం ఆగింది. ఈ జబ్బులో గెలుపోటములు ఇంత చిన్న సంగతుల మీద ఆధారపడతాయి. నోరు ఎండిపోతోందా, మాస్కు సైజు సరిపోయిందా, పడుకునేటప్పుడు తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా పెరిగేలా పెట్టారా, కరెంటు పోతే ఇన్వర్టర్ లైను ఆ గదికి ఉందా. ఇవి చూసే మనిషి పక్కన లేకపోతే వారం తిరక్కుండా పెట్టె అటక మీదికి పోతుంది.

ఎనిమిదో రాత్రి ఐదున్నర గంటలు వాడాడు. మరదలు పొద్దున ఏడింటికి గానీ లేవలేదు. ఆరేళ్లలో మొదటిసారి.

అమెరికాలో ప్రభుత్వ బీమా మెడికేర్ ఈ మెషీన్‌కు డబ్బు కడుతూ పోవాలంటే, 30 రోజుల్లో 70 శాతం రాత్రులు నాలుగు గంటలకు తగ్గకుండా వాడినట్టు కనబడాలి. లెక్క చూసేవాళ్లు ఉంటారు. తిరుపతిలో మా వాడిని అడిగేవాళ్లు లేరు, డబ్బు వాడిదే. అడగాల్సింది మనమే. కానీ మనం అడిగే తీరు ఎట్లా ఉంది? వేసవిలో డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండంటే తిరుపతిలో రాత్రి పదిన్నర. లంచ్ టైంలో ఖాళీ దొరికింది కదా అని మనం వీడియో కాల్ చేస్తాం. వాడు అప్పుడే మాస్కు కట్టుకుని ఉంటాడు. అక్క ఫోను కదా, తీసేసి మాట్లాడతాడు. గంట పోతుంది. తర్వాత మళ్లీ కట్టుకుంటాడో లేదో తెలియదు. నేను నా ఫోన్ టైం మార్చుకున్నాను. నాకు రాత్రి, వాడికి పొద్దున. అప్పుడు మెషీన్ తెర మీద ఎన్ని గంటలు, గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగింది అని అడుగుతాను. బరువు ఎంత అని అడగడం మానేశాను. మెషీన్ బరువు తగ్గించదు. దాని పని అది కాదు.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. మన గ్రూపుల్లో “మా ఇంట్లో వాడని సీపాప్ ఉంది, ఎవరైనా ఇండియా తీసుకెళ్తారా” అని మంచి మనసుతోనే రాస్తుంటారు. దయచేసి వద్దు. ప్రెషర్ ఒకరికి పెట్టింది ఇంకొకరికి పనికిరాదు, మాస్కు ముఖాన్ని బట్టి ఉండాలి, చెడిపోతే అక్కడ చూసే దిక్కుండదు. ఆ డబ్బేదో పంపండి. అక్కడి డాక్టరు, అక్కడి టెక్నీషియన్, పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. మా చిన్నప్పుడు చిత్తూరు జిల్లాలో పెద్ద జబ్బంటే వేలూరుకు బస్సెక్కడమే. ఇప్పుడు తిరుపతిలోనే నిద్ర పరీక్ష చేసి, మెషీన్ పెట్టించి చూసుకునేవాళ్లు ఉన్నారు. ఆపరేషన్‌కు చెన్నై పోయినా, ఈ వైద్యం మాత్రం ఇంటికి దగ్గరలోనే ఉండాలని నా అభిప్రాయం. ఇది రోజూ రాత్రి జరగాల్సిన వైద్యం.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా ఊళ్లలో హెల్త్ క్యాంపులు పెడుతుంది, షుగరూ బీపీ చూస్తుంది. ఒక కొలత టేపు కూడా పట్టుకుపొమ్మని నా విన్నపం. టొరాంటోలో మత్తు డాక్టర్లు తయారుచేసిన స్టాప్‌బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది, 2008 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. గట్టిగా గురక వస్తుందా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. మూడింటికి అవును అని వస్తే పరీక్షకు పంపాలి. రెండు నిమిషాల పని. ఊపిరి ఆగడం గురించి మాత్రం భార్యనో భర్తనో అడగాలి, ఆ మనిషికి తెలియదు.

తమ్ముడి ఆపరేషన్ ఇప్పుడు వచ్చే నెలలో. తేదీ డాక్టర్లు పెట్టారు. నాకు సెలవు లేదు, నేను ఉండను. ఆసుపత్రికి తీసుకెళ్లే సంచిలో బట్టల కంటే ముందు మెషీన్ పెట్టమని మరదలికి చెప్పాను. గాలి ఒత్తిడికి లోపలి కుట్లు ఊడతాయేమోనని అమ్మ భయపడింది. ఆ భయానికి ఆధారం లేదని ఇప్పటిదాకా జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి, అయినా సర్జన్‌నే నేరుగా అడిగించాను, వాడమనే చెప్పారు. బరువు తగ్గాక ముఖం సన్నబడి మాస్కు వదులవుతుంది, ప్రెషర్ తగ్గించాల్సి వస్తుంది. అంతేగానీ పది కిలోలు తగ్గగానే పక్కన పడెయ్యకూడదు. మళ్లీ నిద్ర పరీక్ష చేయించాకే ఆ మాట. కొందరికి సర్జరీ తర్వాత కూడా అది అవసరమవుతూనే ఉంటుంది. తమ్ముడికి ముందే చెప్పి ఉంచాము.

నిన్న పొరపాటున పాత అలవాటు కొద్దీ లంచ్ టైంలో ఫోన్ చేశాను. రెండు రింగులకు తీశాడు. “పడుకుంటా ఉండానక్కా, మాస్కు కట్టుకున్నా. పొద్దున మాట్లాడదాం” అని పెట్టేశాడు.