ఫిర్యాదులు: నిల్

తిరుపతిలో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా తిరిగేవి రెండే. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో ఆవులు, జైలు పరిశీలకుడి హోదాలో నేను. ఆవులకు ఉత్తర్వులు లేవు. నాకు ఉన్నాయి. లామినేషన్ చేయించి పెట్టుకున్నాను.

పదవి పేరు అనధికార సందర్శకుడు. ఆ 'అనధికార' అన్న మాట మొదట్లో నన్ను కొంచెం గుచ్చింది. అధికారం లేని పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకని మా ఆవిడ అడిగింది కూడా. తీరా చదివితే ఇది ఆషామాషీ పదవి కాదు. జైళ్లకు సందర్శకులను వేసుకోవడానికి నిబంధనలు చేసుకోవచ్చని 1894 నాటి జైళ్ల చట్టంలోనే రాసిపెట్టారు. ప్రభుత్వంతో సంబంధం లేని మనిషి ఒకడు అప్పుడప్పుడూ లోపలికి పోయి, ఖైదీలను చూసి, వాళ్ల కష్టసుఖాలు విని, విజిటర్స్ బుక్కులో రాసి రావాలి. ప్రభుత్వంతో నాకు పెన్షన్ తప్ప ఏ సంబంధమూ లేదు. నా పేరు సిఫారసు చేసిన నాయకుడు మా తోడల్లుడికి బాగా కావలసినవాడు కావడం కేవలం దైవ సంకల్పం.

అర్హతలంటారా, ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. జైలు గురించి నాకు ముందస్తు అభిప్రాయాలు ఏవీ లేవు, ఎందుకంటే జైలు గురించి నాకేమీ తెలియదు. నిష్పక్షపాతానికి ఇంతకంటే గట్టి పునాది ఏం కావాలి?

నేను చూసే జైలు ఏదో చెప్పను. పేరు చెబితే ఒక జైలు వాళ్లే బాధపడతారు. చెప్పకపోతే ఆ బాధ అందరికీ సమానంగా అందుతుంది.

పరిశీలన రోజు పొద్దున జైలు జీపు ఇంటి ముందుకు వస్తుంది. స్వతంత్రుణ్ణి కాబట్టి ముందు సీట్లో కూర్చుంటాను. జైలర్ గారి గదిలో, జైలర్ గారి కుర్చీలో కూర్చుని, జైలర్ గారు తెప్పించిన టిఫిన్ తిని, ఆయన పెన్నుతోనే ఆయన జైలు గురించి రాస్తాను. పెన్ను ఎవరిదైతేనేం, చెయ్యి నాదే కదా.

నేను వస్తున్నట్టు నాలుగు రోజుల ముందే కబురు పెడతాను. కన్నకూతురి ఇంటికి పోవాలన్నా ఫోన్ చేసి పోయే కాలంలో, అంతమంది ఉండే చోటికి చెప్పాపెట్టకుండా ఊడిపడటం ఏం మర్యాద? ఐక్యరాజ్యసమితి వాళ్లు 2015లో నెల్సన్ మండేలా పేరు మీద ఖైదీల కోసం నియమాలు చేశారు. పరిశీలకుడు ముందుగా చెప్పకుండా పోవచ్చట, ఖైదీతో చాటుగా మాట్లాడవచ్చట. పాపం, వాళ్లకు మన పద్ధతులు తెలియవు. మన జాతీయ మానవ హక్కుల కమిషన్‌నే చూడండి. 1993లో చట్టం చేసినప్పుడు, జైలు చూడాలంటే రాష్ట్ర ప్రభుత్వానికి తెలియజేసి చూడాలని అందులో పెట్టారు. పదమూడేళ్లు అంతా సవ్యంగా సాగింది. 2006లో ఎవరికి కన్ను కుట్టిందో, ఆ ముక్క తీసేశారు. నేను మాత్రం పాత మర్యాద వదల్లేదు.

ఆ మర్యాద ఫలితం మీరు వచ్చి చూడాలి. గేటు దాటగానే ఫినాయిల్ వాసన గుప్పున కొడుతుంది. "గోడకు ఆనుకోవద్దు సా, సున్నం ఇంకా పచ్చిగానే ఉండాది" అని వార్డర్ ప్రేమగా హెచ్చరిస్తాడు. ఖైదీల మోచేతుల దాకా సున్నమే. ఏమిటంటే శ్రమదానం అన్నారు. శ్రమ ఎవరిదో కనబడుతూనే ఉంది, దానం ఎవరికో అడగలేదు. కక్కసులు ఎవరు కడుగుతున్నారనీ అడగను. జైల్లో కులాన్ని బట్టి పనులు పంచకూడదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అంత పెద్ద కోర్టు చెప్పాక కూడా అడిగితే కోర్టును అనుమానించినట్టు ఉంటుంది.

పోయినసారి బ్యారక్‌లో ఒక కుర్రాడు లేచి దండం పెట్టాడు. "అయ్యోరా, బాగుండారా?" అన్నాడు. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడే, ఏదో కొట్లాట కేసులో రిమాండ్ మీద వచ్చాడు. "మీరు నెలకొకసారన్నా రాకూడదా అయ్యోరా?" అని బతిమాలాడు. క్లాసులో నన్ను చూస్తే దొడ్డిదారిన పారిపోయినవాడు జైల్లో నా కోసం ఎదురుచూస్తున్నాడంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పక్కనున్నవాడు గుట్టు విప్పాడు: "మీరొచ్చే దినం పప్పులో పప్పు ఉంటుంది సా." ఇందులో ఫిర్యాదు ఎక్కడుంది? పప్పులో పప్పు ఉందని ఖైదీ స్వయంగా ఒప్పుకున్నాడు. అలాగే రాశాను.

ఇరుకు గురించి బయట చాలా గోల చేస్తారు. దేశం మొత్తం మీద 2022 చివరికి 4,36,266 మందికి చోటున్న జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణలో ఉన్నవాళ్లే, శిక్ష పడినవాళ్లు కారు. మైదాన ప్రాంతాల వాళ్లకు ఈ అంకెలు భయం పుట్టించవచ్చు. నేను తిరుపతివాణ్ణి, సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో రాత్రంతా కూర్చున్న అనుభవం ఉన్నవాణ్ణి. అక్కడా గది, అక్కడా తాళం, అక్కడా ఒకరి మోకాలు ఇంకొకరి వీపులో. ఎవరైనా మానవ హక్కులని అన్నారా? గేటు తెరిస్తే అక్కడ గోవిందా అంటారు, ఇక్కడ లెక్క పెడతారు, అంతే తేడా. ఇంకో చిన్న తేడా కూడా ఉందనుకోండి. కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాడికి తను ఎందుకు కూర్చున్నాడో తెలుసు.

ఈ వృత్తికి మూలపురుషుడని జాన్ హోవర్డ్ అనే ఇంగ్లీషు ఆయన్ని చెబుతారు. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్‌కు షెరీఫ్ అయ్యాడు. ఊరికే ఉండక తన కింద ఉన్న జైలు చూడటానికి పోయాడు. కోర్టు నిర్దోషి అని వదిలేసినవాళ్లను కూడా, జైలర్‌కు కట్టాల్సిన ఫీజు కట్టలేదని మళ్లీ లోపలికి ఈడ్చుకుపోతున్నారు. అది చూసి ఆయనకు నిద్ర పట్టలేదు. గుర్రమెక్కి దేశంలో జైళ్లన్నీ తిరిగాడు. గుర్రమే ఎందుకంటే, జైలు కంపు బట్టలకు పట్టి బండిలో తలుపులు వేసుకుని కూర్చోలేకపోయేవాడట. రాసుకున్న నోటుపుస్తకం కూడా కంపు కొట్టి, నిప్పు దగ్గర కాచుకుంటే తప్ప విప్పలేకపోయేవాడట. 1777లో అదంతా అచ్చు వేశాడు, 1790లో ఎక్కడో ఖేర్సన్‌లో జ్వరం పట్టి పోయాడు. నాలుగు రోజుల ముందు కబురు పెట్టకపోతే జరిగేది ఇదే. నా చొక్కాకు ఇప్పటిదాకా ఫినాయిల్ వాసన తప్ప ఇంకోటి అంటలేదు.

పైగా మన దగ్గర జైలర్‌కు ఫీజు కట్టే అనాగరికం లేదు. జామీను ఉంది.

శేషాచలం కొండల్లో ఎర్రచందనం నరకడానికి అవతలి రాష్ట్రం నుంచి, ముఖ్యంగా తిరువణ్ణామలై వైపు జవ్వాది కొండల నుంచి, కూలీలు వచ్చి పట్టుబడటం మా జిల్లాల్లో అందరికీ తెలిసిందే. అలాంటివాడు ఒకడు నా ముందుకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, భుజాన అంచు చినిగిన తువ్వాలు. నిబంధన ప్రకారం ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగాను. వాడు తమిళంలో అందుకుని అయిదు నిమిషాలు ఆపకుండా చెప్పాడు. వార్డర్ తెలుగు చేశాడు: "భోజనం బాగుందంట సా."

ఇక్కడ నా వృత్తి ధర్మం గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మది గుడియాత్తం. నేను తమిళంలో జోలపాట విని పెరిగినవాణ్ణి. వాడు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా నాకు అర్థమైంది. కట్టెలు కొట్టే పనని మేస్త్రీ చెబితే వచ్చాడట, ఏ కట్టెలో కొండెక్కాక తెలిసిందట. బెయిలు వచ్చి రెండు నెలలు దాటిందట. ఇద్దరు జామీనుదారులు కావాలట, అదీ ఈ పక్కవాళ్లే. పెళ్లాం ఒకసారి ములాఖత్‌కు వచ్చింది, మళ్లీ రావడానికి చార్జీలు లేవు. "కొండకు ఇవతల నాకు తెలిసినవాడు ఏడుకొండలవాడు ఒక్కడే సామీ, ఆయన వచ్చి జామీను పడతాడా?" అని అడిగి నా మొహం వంక చూశాడు.

విన్నాను. అయితే వ్యక్తిగతంగా విన్నాను. అధికారికంగా అనువాదకుడు ఉన్నప్పుడు అనువాదకుణ్ణి కాదని నా చెవులను నమ్ముకోవడం సొంత తెలివి చూపడం అవుతుంది, అది నిష్పక్షపాతానికి దెబ్బ. బెయిలు వచ్చినా ఏడు రోజుల్లో మనిషి బయటికి పోకపోతే, జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు అంది. అందులో అనధికార సందర్శకుడి ఊసు లేదు. భోజనం సంతృప్తికరం అని రాశాను.

చచ్చిపోతే సంగతి వేరు. జైల్లో ఎవరైనా పోతే 24 గంటల్లోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలని ఆదేశం ఉంది. అంటే పోయినవాడి కబురు మర్నాటికల్లా ఢిల్లీ చేరుతుంది. బతికున్నవాడి కోసం పెట్టె ఉంది.

ఆ పెట్టె గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మరణశిక్ష పడి తీహార్ జైల్లో ఉన్న సునీల్ బాత్రా అనే ఖైదీ, తోటి ఖైదీని వార్డర్ హింసించాడని సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. 1979 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో, జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు ఉండాలని, కలెక్టరు, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో వాటిని తెరవాలని చెప్పారు. ఎంత తరచుగా? ఎంత తరచుగా తగునని తోస్తే అంత తరచుగా. మా పెట్టె విషయంలో ఇంకా ఎవరికీ తోచలేదు.

అలాగని నిర్లక్ష్యం చేశారనుకోకండి. ఇనప పెట్టె, ఎర్ర రంగు, పైన సందు, ముందర తాళం. 'ఫిర్యాదుల పెట్టె' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు. జైళ్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2015లో సుప్రీంకోర్టు అంది కదా, అందులో ఒకటి సరిగ్గా పెట్టెకు ఎదురుగా బిగించారు. పెట్టెను ఎవరైనా ఎత్తుకుపోతే దొరికిపోతారు. ఫిర్యాదు రాయాలనుకున్నవాడు వార్డర్ దగ్గరికి పోయి, ఎవరి మీద రాయాలో చెప్పి, కాగితం, పెన్ను అడిగి తీసుకోవచ్చు. ఎవరూ కాదనరు. ఎవరూ అడగలేదు కూడా.

పైన తిరుమలలోనూ ఇలాంటి సదుపాయం ఉంది, హుండీ అంటారు. అందులో పడినదాన్ని జేబుల్లేని పంచెలు కట్టుకున్నవాళ్లు కూర్చుని రోజూ లెక్కపెడతారు. జనం డబ్బు వేస్తారు కాబట్టి రోజూ తెరవాలి. కష్టాలు వేస్తే తొందరేముంది, అవి వడ్డీ పెరిగేవి కావు. అసలు పెరుగుతాయేమో, నేను లెక్కల మాస్టారిని కాను.

ఈ లెక్కన మా జైలు ఏళ్ల తరబడి విజిటర్స్ బుక్కులో ఒకే మాటతో వెలుగుతోంది. ఫిర్యాదులు: నిల్. నాకు ముందున్నాయన దస్తూరీలో నిల్, ఆయనకు ముందున్నాయన దస్తూరీలో నిల్. ఇంత ఏకాభిప్రాయం మన దేశంలో ఇంకే విషయంలోనైనా ఉందా?

మొన్న నా రాక కోసం గోడలకు సున్నం కొడుతూ పెట్టెను పక్కకు జరిపారట. తుప్పు పట్టిన తాళం దానంతటదే ఊడి కింద పడింది. సాక్షి ఒకరుంటే మంచిదని నన్ను పిలిచారు. జైలర్ గారు మూత ఎత్తారు. రెండు బొద్దింకలు పరిగెత్తాయి. కాగితాలు ఏమీ లేవు. మూలన చిన్న మూట ఉంది. తువ్వాలు అంచు చింపి, వంటింటి పసుపు రుద్ది, మూడు ముడులు వేశారు. విప్పితే రూపాయి బిళ్ల. గుడ్డ లోపలి వైపు బొగ్గుతో కేసు నంబరు రాసి ఉంది, ఇంకేమీ లేదు.

"హుండీ అనుకోనుంటాడు సా, చదువు రానోడు" అన్నాడు వార్డర్.

ఫిర్యాదులు నిల్ అని ఎప్పటిలాగే రాశాను. రూపాయి దగ్గర చిక్కొచ్చింది. ఖైదీ దగ్గర డబ్బుండకూడదు కాబట్టి అది ఖైదీది అని రాయలేం. కానుక అని రాద్దామంటే ఆ రిజిస్టర్ జైల్లో లేదు. జైలర్ గారూ నేనూ అరగంట ఆలోచించాం. చివరికి బొద్దింకలతో పాటు దాన్నీ పెట్టెలోనే పెట్టి, బజారు నుంచి కొత్త తాళం తెప్పించి వేశాం. తాళం ఖరీదు నూట నలభై. బిల్లు ఉంది.